తుంటి గిన్నె అంచు మృదులాస్థి చిరుగు: ఆలస్యంగా తెలిసిన గాయం కథ

1979లో నేను ఒక తాలూకా ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యాధికారిగా పనిచేస్తున్నాను. ఒకనాటి ఉదయం ఇరవై రెండేళ్ళ యువకుడొకడు కొద్దిగా కుంటుతూ వచ్చాడు. కబడ్డీ ఆటగాడు, గట్టి శరీరం. "డాక్టరు గారూ, కుడి గజ్జలో లోపలెక్కడో పట్టేస్తున్నది. కూతకు వెళ్ళి ఒక్కసారిగా వెనక్కి తిరిగితే టక్కుమంటున్నది. గొంతుక్కూర్చుంటే లేవలేకపోతున్నాను" అన్నాడు.

తుంటికి ఎక్స్-రే తీయించాను. ఎముకలు చక్కగా ఉన్నాయి. క్షయ లేదు, విరుగుడు లేదు. గిలక దిగిందేమోనని చూశాను, అదీ లేదు. "కండరం బెణికింది బాబూ, ఏమీ లేదు" అని మాత్రలు రాసి పంపాను. అతడు మరి రెండుసార్లు వచ్చాడు. మూడవసారి, "ఎక్స్-రేలో ఏమీ లేదు కదా, అనవసరంగా మనసులో భయం పెట్టుకోకు" అని కొంచెం విసుగ్గానే అన్నాను. ఆ తరువాత అతడు రాలేదు.

2007లో, నా పదవీ విరమణకు ముందు సంవత్సరం, మరొక ఊరి ఆసుపత్రిలో చేతికర్ర పట్టుకొని యాభై ఏళ్ళ వ్యక్తి ఒకరు నా ముందు కూర్చున్నారు. కుడి తుంటికీలు పూర్తిగా అరిగిపోయింది. నన్ను ఆయనే గుర్తుపట్టారు. "ఆనాడు ఏమీ లేదన్నారు కదండీ" అన్నారు. ఆ మాటలో నింద లేదు, ఆశ్చర్యం మాత్రమే ఉంది. నింద ఉండి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో!

ఆ రాత్రి నుండి తుంటికీలును గురించి నేను మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. నాకు బోధపడినది పాఠకులకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. ఒక గాయం మనిషి శరీరంలో ఎప్పటి నుండో ఉన్నప్పటికీ, వైద్యులు దానిని చూడగలగడానికి ఎంత కాలం పడుతుందో తెలియజేసే కథ ఇది.

రోలు, గిన్నె, పెదవి

తొడ ఎముక పైకొనన బంతివంటి శిరస్సు ఒకటి ఉంటుంది. కటివలయానికి ఇరుప్రక్కలా గిన్నెవంటి గుంట ఉంటుంది. బంతి ఆ గిన్నెలో ఇమిడి అన్ని దిక్కులకూ తిరుగుతుంది. సుశ్రుత సంహితలోని శారీరస్థానం కీళ్ళను ఎనిమిది విధాలుగా విభజించి, చంకలోనూ వంక్షణంలోనూ ఉన్న కీళ్ళను 'ఉలూఖల' సంధులని పేర్కొన్నది. ఉలూఖలమంటే రోలు, వంక్షణమంటే గజ్జ ప్రాంతం. రోటిలో రోకలి తిరిగినట్లు ఈ కీలు తిరుగుతుందన్న పోలికను మన ప్రాచీనులు కనిపెట్టారు. రోమనులకు ఇదే గుంట భోజనపు బల్లపై వెనిగరు పోసుకొనే చిన్న గిన్నెవలె కనిపించింది. ఆ గిన్నెను వారు ఎసిటాబులం అనేవారు. నేటికీ వైద్యశాస్త్రంలో తుంటి గిన్నె పేరు అదే.

ఈ గిన్నె లోపలి తలాన్ని గుర్రపు నాడా ఆకారంలో నున్నని మృదులాస్థి కప్పి ఉంచుతుంది. బంతిని కూడా అటువంటి మృదులాస్థే కప్పుతుంది. ఇది కాక, గిన్నె అంచు పొడవునా మరొక రకం మృదులాస్థి ఉంది. ఇది పీచు అధికంగా కలిగి, గట్టిగా సాగే గుణంతో, అడ్డంగా కోసి చూస్తే ముక్కోణపు ఆకారంలో కనిపిస్తుంది. దీనికి లాబ్రం అని పేరు. లాటిన్ భాషలో ఆ మాటకు పెదవి అని అర్థం. గిన్నె అడుగు భాగంలో ఈ పెదవి పూర్తి కాదు. అక్కడ ఒక అడ్డు స్నాయువు దానిని కలిపి వలయాన్ని పూర్తి చేస్తుంది. ఈ వ్యాసంలో దీనిని 'అంచు మృదులాస్థి' అని పిలుస్తాను.

ఈ అంచు మృదులాస్థి చేసే పనులు మూడు. మొదటిది, గిన్నెను లోతు చేయడం. దీని వలన కీలుతలం సుమారు ఐదవ వంతు, గిన్నె ఘనపరిమాణం సుమారు మూడవ వంతు పెరుగుతాయి. రెండవది, బంతి చుట్టూ బిగుతుగా అంటిపెట్టుకొని లోపలి కీలురసం బయటకు జారిపోకుండా ఆపడం. మూడవది, స్పర్శను, నొప్పిని తెలియజేయడం. దీనిలో నరాల కొనలు ఉన్నాయి. అందుచేతనే ఇది చిరిగితే నొప్పి పుడుతుంది. నున్నని కీలు మృదులాస్థిలో నరాలు లేవు. అది ఎంత అరిగినా చాలాకాలం మౌనంగానే ఉంటుంది.

కాలు జారిపడని ప్రయోగం

1836లో జర్మనీలో విల్‌హెల్మ్ వెబర్, ఎడ్వర్డ్ వెబర్ అనే సోదరులు మనిషి నడకను గురించి ఒక గొప్ప గ్రంథం ప్రచురించారు. విల్‌హెల్మ్ భౌతిక శాస్త్రవేత్త. అయస్కాంత అభివాహపు కొలమానానికి నేడు పెట్టుకున్న 'వెబర్' అన్న పేరు ఆయనదే. ఎడ్వర్డ్ శరీరశాస్త్రవేత్త.

ఆ సోదరులు చేసిన ఒక ప్రయోగం నేటికీ స్మరణీయం. ఒక మృతదేహంలో తుంటి చుట్టూ ఉన్న కండరాలనన్నిటినీ కోశారు. కీలును చుట్టి ఉండే తొడుగును కూడా కోసివేశారు. కాలిని పట్టి ఉంచేది ఇక ఏమీ లేదు. అయినా వ్రేలాడుతున్న కాలు జారిపడలేదు. తరువాత కటివలయం లోపలి వైపు నుండి గిన్నెకు ఒక రంధ్రం చేశారు. గాలి లోపలికి ప్రవేశించగానే బంతి గిన్నె నుండి జారింది. గిన్నెకూ బంతికీ నడుమ గాలి చొరకపోవడం వలన బయటి వాతావరణ పీడనం కాలి బరువును మోస్తున్నదని వారు తేల్చారు. తడిసిన రెండు గాజు పలకలను ఒకదానిపై ఒకటి పెట్టి విడదీయబోతే ఎంత కష్టమో మీకు తెలుసు. ఇదీ అటువంటిదే.

ఆ బిగుతును కాపాడడంలో అంచు మృదులాస్థి పాత్ర ఎంతో కొలతలతో తెలియడానికి 2000 సంవత్సరం దాకా ఆగవలసి వచ్చింది. స్టీఫెన్ ఫెర్గూసన్, ఆయన సహచరులు 2000లోనూ, 2003లోనూ ప్రచురించిన పరిశోధనలలో, ఈ అంచు లేకపోతే కీలురసం త్వరగా జారిపోతుందనీ, మృదులాస్థి పొరలు ఒకదానినొకటి నేరుగా నొక్కుకుంటాయనీ చూపారు. అంచు చిరిగితే కీలు ఎందుకు అరుగుతుందో దీనిని బట్టి అర్థం చేసుకోవచ్చు.

మానని కణజాలం

1743లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో విలియం హంటర్ అనే స్కాట్లండ్ శరీరశాస్త్రవేత్త కీళ్ళ మృదులాస్థిని గురించి ఒక వ్యాసం రాశాడు. పుండుపడిన మృదులాస్థి తొందరగా లొంగే వ్యాధి కాదనీ, ఒకసారి నశిస్తే తిరిగి రాదనీ పూర్వం నుండి వైద్యులు ఒప్పుకుంటున్నారని ఆయన అందులో పేర్కొన్నాడు. దాదాపు రెండువందల ఎనభై ఏళ్ళు గడిచినా ఆ మాటలో సారం చెరిగిపోలేదు. చర్మం తెగితే మానుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. వాటికి రక్తప్రసరణ ఉన్నది. మృదులాస్థికి ఆ భాగ్యం లేదు.

అంచు మృదులాస్థి మాత్రం నడిమి స్థితిలో ఉంది. కీలు తొడుగును ఆనుకొన్న దాని బయటి భాగానికి కొంత రక్తప్రసరణ ఉంటుంది. బంతిని తాకే లోపలి అంచుకు చాలా తక్కువ. కనుక మొదలు దగ్గర ఊడిన అంచును తిరిగి కుట్టి అతికించగలిగితే మానే అవకాశం ఉంది. లోపలి కొనన నలిగి పీచుపీచు అయిన భాగం మానడం కష్టం. ఈ చిన్న భేదం చికిత్సా విధానాన్నే మార్చింది. ఆ సంగతి ముందు చెబుతాను.

ఎక్స్-రేకు కనబడని శత్రువు

1895లో రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. ఎముకల వ్యాధులను గుర్తించడంలో అది మహోపకారం. దానితో పాటు ఒక చెడ్డ అలవాటు కూడా మా వైద్యులకు అంటుకున్నది. ఎక్స్-రేలో కనబడనిది లేనట్లేనని అనుకోసాగాము. మృదులాస్థి ఎక్స్-రేలో కనబడదు. బంతికీ గిన్నెకూ నడుమ నల్లని ఖాళీగా మాత్రమే తోస్తుంది. 1979లో నేను చూసిన 'చక్కని' ఎక్స్-రే అటువంటిదే.

అంచు మృదులాస్థి చిరుగును గురించి 1957లో పాటర్సన్ అనే శస్త్రవైద్యుడు బ్రిటన్ ఎముకల వైద్య పత్రికలో రాశాడు. ప్రమాదంలో తుంటి తొలగిన కొందరిలో బంతిని ఎంత ప్రయత్నించినా గిన్నెలోకి తిరిగి చేర్చలేకపోవడానికి, చిరిగిన అంచు లోపలికి మడతపడి అడ్డుగా నిలవడమే కారణమని ఆయన చూపాడు. అంటే అప్పటికి ఇది పెద్ద ప్రమాదాలలో జరిగే అరుదైన గాయం మాత్రమే.

పెద్ద దెబ్బ తగలకుండానే ఈ అంచు చిరగవచ్చుననీ, అది తుంటి నొప్పికీ, తరువాత కీలు అరుగుదలకూ కారణం కావచ్చుననీ 1977లో ఆల్టెన్‌బర్గ్ అనే వైద్యుడు అమెరికాలోని సదరన్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించాడు. ఆ తేదీని చూసినప్పుడు నా మనసు కలుక్కుమన్నది. నా దగ్గరకు ఆ కబడ్డీ యువకుడు వచ్చింది 1979లో. రెండేళ్ళ క్రితమే ఆ జ్ఞానం అచ్చయింది. కాని అది మా తాలూకా ఆసుపత్రికి చేరే దారి ఆనాడు లేదు. చేరినా, నమ్మి ఉండేవాడినా అన్నది నన్ను నేను వేసుకోవలసిన ప్రశ్న.

కీలులోకి చూసే కన్ను

1918లో టోక్యోలో కెంజీ తకాగి అనే వైద్యుడు మూత్రాశయాన్ని పరీక్షించే గొట్టాన్ని ఒక మృతదేహపు మోకాలిలోకి పంపి లోపలి భాగాన్ని చూశాడు. ఆ రోజులలో క్షయ వలన మోకాళ్ళు బిగుసుకుపోవడం జపానులో పెద్ద సమస్య. నేలపై మోకాళ్ళు మడచి కూర్చునే ఆ ప్రజలకు బిగిసిన మోకాలు అంటే బ్రతుకే దుర్భరం. నేలపై కూర్చునే అలవాటున్న మనకు ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు. వ్యాధిని తొలిదశలోనే గుర్తించాలన్న తపన నుండి కీలు అంతర్దర్శిని, అనగా ఆర్థ్రోస్కోపు పుట్టింది. తకాగి శిష్యుడు మసాకి వతనబె దానిని మెరుగుపరచి, 1962లో ఆర్థ్రోస్కోపు సాయంతో మోకాలిలో చిరిగిన నెలవంక మృదులాస్థి భాగాన్ని తొలగించాడు.

తుంటి మాత్రం అంత సులభంగా లొంగలేదు. 1931లో న్యూయార్క్‌లో మైకేల్ బర్మన్ మృతదేహాల కీళ్ళలోకి అంతర్దర్శినిని పంపి పరిశీలించాడు. బంతికీ గిన్నెకూ నడుమ గొట్టాన్ని చొప్పించడం అసాధ్యమని ఆయన రాశాడు. 1939లో తకాగి నలుగురు రోగుల తుంటికీళ్ళను ఈ విధంగా పరీక్షించినట్లు ప్రకటించినా, ఆ తరువాత దాదాపు నాలుగు దశాబ్దాలు ఆ దారిలో నడిచినవారు అరుదు.

ఎందుకని? వెబర్ సోదరుల ప్రయోగాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి. కాలు జారిపోకుండా పట్టి ఉంచిన ఆ పీడనమే శస్త్రవైద్యుని గొట్టాన్ని లోనికి రానీయలేదు. ఆ బిగుతును విడిపించాలంటే ప్రత్యేకమైన బల్లపై కాలును బలంగా లాగాలి, సూది ద్వారా గాలినో లవణ ద్రావణాన్నో లోపలికి పంపాలి. అప్పుడు కాని బంతి సుమారు ఒక సెంటీమీటరు దిగి దారి ఇవ్వదు. రోగిని ప్రక్కకు పడుకోబెట్టి కాలును లాగి చేసే పద్ధతిని అమెరికాలో జేమ్స్ గ్లిక్, ఆయన సహచరులు 1987లో వివరించారు. వెల్లకిల పడుకోబెట్టి చేసే పద్ధతిని థామస్ బర్డ్ ప్రచారంలోకి తెచ్చారు. 1986లోనే జపాను వైద్యుడు సుజుకి బృందం అంచు మృదులాస్థి చిరుగును ఆర్థ్రోస్కోపుతో చూసి నిర్ధారించినట్లు ప్రకటించింది.

ఆ తరువాత ఎం.ఆర్.ఐ. వచ్చింది. 1996లో వియన్నాకు చెందిన చెర్నీ బృందం ఒక ముఖ్యమైన విషయాన్ని చూపింది. కీలులోకి వ్యత్యాస ద్రవాన్ని ఎక్కించి తీసిన ఎం.ఆర్.ఐ. అంచు గాయాలలో 90 శాతాన్ని పట్టగలిగింది. ద్రవం లేకుండా తీసిన ఆనాటి మామూలు ఎం.ఆర్.ఐ. 30 శాతాన్ని మాత్రమే పట్టింది. నేటి శక్తిమంతమైన యంత్రాలు అంతకంటె మెరుగు. అయినా 'ఎం.ఆర్.ఐ.లో ఏమీ లేదు' అన్న మాటను కూడా 'ఎక్స్-రేలో ఏమీ లేదు' అన్న మాటవలె జాగ్రత్తగానే తీసుకోవాలి.

అంచు ఎందుకు చిరుగుతుంది?

చిరుగు కనబడింది సరే, కారణమేమిటి? గట్టి దెబ్బ ఒక కారణం. పుట్టుకతో గిన్నె లోతు తక్కువగా ఉండడం మరొకటి. అటువంటివారిలో బరువంతా అంచుపైనే పడుతుంది. కీళ్ళు అతిగా వదులుగా ఉండడం, వయసుతో వచ్చే అరుగుదల మరి రెండు కారణాలు. అయితే యువకులలో కనిపించే చిరుగులలో చాలావాటికి మూలం మరొకచోట ఉన్నదని చూపినవారు స్విట్జర్లండ్‌లోని బెర్న్ నగర శస్త్రవైద్యుడు రైన్‌హోల్డ్ గాంజ్.

లోతు లేని గిన్నెను కోసి, తిప్పి, సరియైన స్థానంలో నిలిపే శస్త్రచికిత్సను గాంజ్ 1980లలో రూపొందించారు. ఆ చికిత్స పొందిన కొందరికి తరువాత గజ్జలో కొత్త నొప్పి మొదలైంది. గిన్నె ముందు అంచు తొడ ఎముక మెడను అతిగా కప్పడం వలన, తుంటిని మడచినపుడల్లా మెడ వచ్చి అంచును ఢీకొంటున్నదని గ్రహించారు. అటువంటి ఢీకొనడం శస్త్రచికిత్స జరగని సహజమైన తుంటిలో కూడా ఉండవచ్చునన్న ఆలోచన అక్కడి నుండి బలపడింది. ఇటువంటి రాపిడిని 1936లోనే అమెరికా శస్త్రవైద్యుడు స్మిత్-పీటర్సన్ వర్ణించి ఉన్నాడు. కాని ఆ మాట మరుగున పడిపోయింది.

కీలు లోపల ఏమి జరుగుతున్నదో కళ్ళారా చూడాలంటే బంతిని గిన్నె నుండి పూర్తిగా బయటకు తీయాలి. అలా తీస్తే బంతికి రక్తం అందించే ధమని తెగి, బంతి చచ్చుబడుతుందన్న భయం ఉండేది. ఆ ధమని మార్గాన్ని జాగ్రత్తగా అధ్యయనం చేసి, దానిని కాపాడుతూ బంతిని బయటకు తీసే పద్ధతిని గాంజ్ బృందం 2001లో ప్రకటించింది. 213 తుంటికీళ్ళలో అలా చేయగా ఒక్కదానిలోనూ బంతి చచ్చుబడలేదు. 2003లో వారు ప్రచురించిన వ్యాసం తుంటి వైద్యాన్ని మలుపు తిప్పింది.

వారు చెప్పిన ఢీకొనడం రెండు విధాలు. మొదటి దానిలో బంతి, మెడ కలిసే చోట నొక్కు ఉండవలసింది పోయి ఎముక ఉబ్బి ఉంటుంది. గుండ్రం తప్పిన బండిచక్రంవలె అది తిరిగినపుడల్లా గిన్నెలోపలి మృదులాస్థిని ఒరుసుకుంటూ, అంచును మొదలంటా ఊడదీస్తుంది. దీనిని కామ్ రకమంటారు. రెండవ దానిలో గిన్నె అంచే అతిగా పెరిగి ఉంటుంది. పట్టకారులో చిక్కినట్లు అంచు మృదులాస్థి ఎముకల నడుమ నలుగుతుంది. దీనిని పిన్సర్ రకమంటారు. చాలామందిలో రెండూ కలిసి ఉంటాయి. ఎముకలు పెరిగే కౌమారదశలో తుంటిపై అతి శ్రమ పడే ఆటలు ఆడేవారిలో కామ్ రకపు ఉబ్బు అధికంగా కనిపిస్తున్నదని తరువాతి పరిశోధనలు చూపాయి.

కోసివేయడం నుండి కుట్టడం దాకా

తొలినాళ్ళలో చిరిగిన అంచును కోసి తొలగించేవారు. ఆ ముక్క పోతే నష్టమేమీ లేదని భావించేవారు. ఉపశమనం కలిగేది, కాని కారణమైన ఎముక ఉబ్బు అలాగే ఉండేది, కీలు బిగుతు పోయేది.

2006లో గాంజ్ శిష్యబృందంలోని ఎస్పినోసా, ఆయన సహచరులు 60 తుంటికీళ్ళ ఫలితాలను పోల్చి చూపారు. అన్నిటిలోనూ ఎముక ఉబ్బును సరిచేశారు. మొదటి 25 కీళ్ళలో చిరిగిన అంచును తొలగించారు. తరువాతి 35 కీళ్ళలో దానిని తిరిగి ఎముకకు కుట్టారు. రెండేళ్ళకు, తొలగించిన వారిలో 28 శాతం మందికి, కుట్టిన వారిలో 80 శాతం మందికి అత్యుత్తమ ఫలితం లభించింది. ఇది చిన్న అధ్యయనమే, రోగులను చీటీలు వేసి విభజించినదీ కాదు. అయినా అంచును కాపాడుకోవాలన్న భావన వైద్యలోకంలో స్థిరపడడానికి ఇది తోడ్పడింది. నేడు సాధ్యమైన చోటల్లా ఎముకలో చిన్న కొక్కెములు నిలిపి, వాటి దారాలతో అంచును కుడతారు. అంచు పూర్తిగా పాడైతే తొడ బయటి ప్రక్కనున్న పొర నుండి గాని, మరొక చోటి నుండి గాని కణజాలం తెచ్చి కొత్త అంచును నిర్మిస్తారు. అమెరికాలో మార్క్ ఫిలిపాన్ 2010లో ఆ ఫలితాలను ప్రకటించారు.

అందరికీ శస్త్రచికిత్స కావాలా?

పాఠకులారా, ఇక్కడ దయచేసి కొంచెం నెమ్మదిగా చదవండి. నేను ఒకప్పుడు లేదన్న గాయాన్ని ఇప్పుడు ప్రతి తుంటిలోనూ చూడడం కూడా పొరపాటే.

2012లో అమెరికాలో తుంటి నొప్పి ఏమాత్రం లేని 45 మందికి ఎం.ఆర్.ఐ. తీశారు. వారి సగటు వయసు సుమారు 38 ఏళ్ళు. 69 శాతం కీళ్ళలో అంచు మృదులాస్థి చిరుగు కనబడింది! కనుక చిరుగు ఉన్నంత మాత్రాన నొప్పికి అదే కారణమని చెప్పలేము. బొమ్మకు కాక మనిషికి వైద్యం చేయాలి. సందేహం ఉన్నపుడు కీలులోకి మత్తుమందు ఎక్కించి చూస్తారు. నొప్పి తాత్కాలికంగా తగ్గితే మూలం కీలులోనే ఉన్నదని అర్థం.

ఎముకల ఢీకొనడం వలన బాధపడే 348 మందిని బ్రిటన్‌లోని 23 ఆసుపత్రులలో రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు ఆర్థ్రోస్కోపు శస్త్రచికిత్స, మరొక జట్టుకు నిపుణుల పర్యవేక్షణలో వ్యాయామ చికిత్స చేశారు. ఫలితాలు 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఏడాదికి నూటికి వేసిన జీవననాణ్యత కొలతలో శస్త్రచికిత్స జట్టుకు 58.8, వ్యాయామ జట్టుకు 49.7 వచ్చాయి. రెండు జట్లూ మెరుగుపడ్డాయి. శస్త్రచికిత్స కొంత ఎక్కువ మేలు చేసింది. వ్యాయామంతోనే చాలినంత మెరుగైనవారూ ఉన్నారు. దీనిని బట్టి ముందు వ్యాయామ చికిత్స చేసి చూడడం, అది చాలకపోతే తగినవారికి శస్త్రచికిత్స చేయడం వివేకం.

కీలు ఇప్పటికే బాగా అరిగినవారికి అంచు కుట్టడం వలన ప్రయోజనం తక్కువ. అటువంటివారికి తగిన సమయంలో కీలు మార్పిడియే మార్గం. గిన్నె లోతు చాలనివారికి అంచు ఒక్కదానినే సరిచేస్తే నిలవదు, గిన్నెను సరిచేయాలి. ఆర్థ్రోస్కోపు శస్త్రచికిత్సలో కాలును లాగడం వలన కొందరికి తొడపైనో, జననాంగాల వద్దనో తిమ్మిరి రావచ్చు. అది సాధారణంగా కొద్ది వారాలలో పోతుంది. కీలులో చీము పట్టడం, రక్తనాళాలలో గడ్డలు కట్టడం అరుదు, కాని అసాధ్యం కాదు. కొన్ని వారాలు చంకకర్రలు, కొన్ని నెలలు వ్యాయామం తప్పవు. ఆటలకు తిరిగి వెళ్ళడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు నెలలు పడుతుంది.

మీరు గమనించవలసినవి

ఈ గాయంలో నొప్పి ప్రధానంగా గజ్జలో ఉంటుంది. 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో చిరుగు నిర్ధారితమైన 66 మందిలో 92 శాతం మంది గజ్జ నొప్పినే చెప్పారు. నొప్పి మొదలైన నాటి నుండి నిర్ధారణకు సగటున 21 నెలలు పట్టింది. అప్పటికి వారు సగటున ముగ్గురికి పైగా వైద్య నిపుణులను కలిశారు. కొందరికి వేరొక అవయవానికి శస్త్రచికిత్స చేయించుకొమ్మన్న సలహా కూడా లభించింది! అమెరికాలో ఇటీవలి కాలంలోనే ఇంత ఆలస్యం జరిగితే, మన పల్లెలలో ఎంత జరుగుతుందో ఊహించుకోండి.

నొప్పి ఎక్కడని అడిగితే కొందరు బొటనవ్రేలిని తుంటి వెనుకకు, మిగిలిన వ్రేళ్ళను గజ్జ వైపుకు చాపి తుంటిని పట్టి చూపుతారు. ఎక్కువసేపు కుర్చీలో కూర్చున్నా, మఠం వేసుకొని కూర్చున్నా, గొంతుక్కూర్చున్నా, కారు దిగుతూ కాలు తిప్పినా నొప్పి ఎక్కువవుతుంది. టక్కుమనే శబ్దం, పట్టేసినట్లుండడం కొందరిలో ఉంటాయి. రోగి వెల్లకిల పడుకున్నపుడు తుంటిని మడచి, మోకాలిని రెండవ వైపుకు నెట్టి, పాదాన్ని బయటకు తిప్పితే గజ్జలో నొప్పి పుట్టడం వైద్యుడు చేసే ముఖ్యమైన పరీక్ష.

గజ్జ నొప్పి అంతా ఇదే కాదు. జ్వరంతో కూడిన నొప్పి, రాత్రిపూట నిద్రలేపే నొప్పి, కాలు మోపలేని నొప్పి, పిల్లలు కుంటడం, ఇవి ఉంటే ఆలస్యం చేయరాదు. మన దేశంలో తుంటి క్షయ ఇంకా ఉన్నది. స్టీరాయిడ్లు వాడినవారిలో, అధికంగా మద్యం త్రాగేవారిలో తొడ ఎముక శిరస్సు చచ్చుబడే వ్యాధి కూడా గజ్జ నొప్పితోనే మొదలవుతుంది. తొలిదశలో దాని ఎక్స్-రే కూడా చక్కగానే ఉంటుంది.

నొప్పి పుట్టించే భంగిమలను కొంతకాలం మానండి. నేలపై కాక కొంచెం ఎత్తైన ఆసనంపై కూర్చోండి. తుంటి, పిరుదు, పొట్ట కండరాలకు బలమిచ్చే వ్యాయామాలను ఫిజియోథెరపిస్టు వద్ద నేర్చుకొని కనీసం మూడు నెలలు విడువక చేయండి. తుంటిని బలవంతంగా మడచి సాగదీసే ఆసనాలు మాత్రం ఈ స్థితిలో చేయకండి. నొప్పిని ఓర్చుకొని ఆడడం వీరత్వం కాదు. మాత్ర వేసుకొని మైదానంలోకి దిగడం అంతకన్నా ప్రమాదం.

ముగింపు

ఆ కబడ్డీ ఆటగాడికి 2008లో కీలు మార్పిడి జరిగింది. ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నారు. ఆయనకు 1979లో ఉన్నది అంచు చిరుగే అని నేను నిరూపించలేను, ఆధారాలు లేవు. కాని ఆయన చెప్పిన ప్రతి మాటా నేడు నేను చదివిన పాఠ్యపుస్తకాలలో ఉన్నది. గజ్జలో పట్టు, తిరిగినపుడు టక్కుమనడం, గొంతుక్కూర్చుంటే నొప్పి.

"ఆనాడు తెలిసి ఉంటే ఏం చేసేవారండీ?" అని ఆయన ఒకసారి అడిగారు. నిజం చెప్పాను. కుట్టే విద్య ఆనాడు ఎక్కడా లేదు. కాని ఆట కొంతకాలం ఆపమని చెప్పేవాడిని, కూర్చునే పద్ధతి మార్చమనేవాడిని, అన్నిటికంటె ముందు "నీ నొప్పి నిజమే బాబూ, కారణం నాకు తెలియడం లేదు" అనేవాడిని. ఆయన కాసేపు ఆలోచించి, "ఆ చివరి మాట అని ఉంటే చాలునండీ. మీరు ఏమీ లేదన్నారని ఇంట్లో అందరూ నన్ను సోమరి అన్నారు" అన్నారు.

యువ వైద్యులెవరైనా ఇది చదువుతుంటే వారికి నా మనవి ఒక్కటే. పరీక్షలో ఏమీ కనబడనపుడు 'ఏమీ లేదు' అనకండి, 'నాకు కనబడలేదు' అనండి. పాఠకులకు నా సలహా కూడా ఒక్కటే. గజ్జలో నొప్పి ఆరు వారాలు దాటినా తగ్గకపోతే, ఎక్స్-రే చక్కగా ఉన్నదని ఊరుకోకండి. తుంటి వ్యాధులు బాగా తెలిసిన ఎముకల వైద్యునికి ఒకసారి చూపించుకోండి.